మొటిమలకు బెంగళూరు నీళ్లే కారణమా?

అడిగినావిడ చెప్పిన వివరాలు క్లుప్తంగా: వయసు 24, సొంతూరు ప్రొద్దుటూరు వైపు. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి ఏడాది కావస్తోంది, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నారు. కాలేజీ రోజుల్లో లేని మొటిమలు ఇక్కడికి వచ్చాక గడ్డం మీద, దవడ వెంబడి మొదలయ్యాయి. ముట్టుకుంటే నొప్పి. పీజీలో బోరు నీళ్లు, బకెట్టు అంచున తెల్లగా పేరుకుపోతోంది. సంక్రాంతికి ఇంటికెళ్తే కాస్త తగ్గాయి, తిరిగొచ్చాక మళ్లీ వచ్చాయి. వేడి చేసిందని అమ్మ అంటున్నారు. రూమ్మేట్ ఇచ్చిన క్రీము రాస్తే రెండు మూడు రోజుల్లో అణుగుతున్నాయి, మానేస్తే రెట్టింపవుతున్నాయి. షవర్‌కి ఫిల్టర్ కొంటే పోతాయా అని ప్రశ్న.

ఫిల్టర్ కొనకండి. నీళ్లు అసలు కారణం కాదు. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఆ క్రీము. దాని పేరు మీరు రాయలేదు. రెండోది, మొటిమలు వస్తున్న చోటు. గడ్డం, దవడ అన్నారంటే నేను ముందు అడిగేది నీళ్ల గురించి కాదు, నెలసరి గురించి.

నేను బెంగళూరులో స్కిన్ డాక్టర్‌ని. నా ఓపీకి వచ్చే తెలుగు పిల్లల్లో సగం మంది మొదటి మాట ఇదే: "మేడమ్, ఇక్కడి నీళ్లు పడలేదు." ఎందుకలా అనిపిస్తుందో, అందులో నిజమెంతో చెప్తాను. అంతకన్నా ముందు మొటిమ ఎలా పుడుతుందో తెలియాలి. అది తెలిస్తే సగం అనుమానాలు వాటంతటవే తీరతాయి.

ముఖం మీద ప్రతి సన్న వెంట్రుక కుదురుకీ ఒక నూనె గ్రంథి అతుక్కుని ఉంటుంది. వయసుకొచ్చేటప్పుడు ఆండ్రోజెన్లనే హార్మోన్లు ఆ గ్రంథిని పెద్దది చేస్తాయి. ఇవి మగవాళ్ల హార్మోన్లని పేరు పడ్డాయి గానీ ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటాయి. జిడ్డు ఎక్కువవుతుంది. అదే సమయంలో రంధ్రం లోపలి గోడల నుంచి రాలాల్సిన చర్మకణాలు సరిగ్గా రాలక, జిడ్డుతో కలిసి ముద్దకట్టి, దారి మూసేస్తాయి. అలా మూసుకుపోయిన చోట క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి బాగా పెరుగుతుంది. ఇది మొటిమలు లేనివాళ్ల ముఖం మీద కూడా ఉండేదే, బయటి నుంచి అంటుకునే రోగం కాదు. ఒళ్లు దానిమీద తిరగబడినప్పుడు ఎరుపు, వాపు, చీము వస్తాయి. మూత పైకి తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్, మూసుకుని ఉంటే వైట్‌హెడ్. బ్లాక్‌హెడ్‌లో నలుపు మురికి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి రంగు మారిన జిడ్డు. అందుకే ఎంత రుద్ది కడిగినా అది పోదు.

ఇందులో ఎవరూ పట్టించుకోని విషయం సమయం. కంటికి కనిపించని ఆ మొదటి అడ్డు ఎర్రటి మొటిమగా పైకి తేలడానికి వారాలు పడుతుంది, చాలామందిలో రెండు నెలల దాకా. అంటే ఇవాళ అద్దంలో కనబడిన మొటిమకు బీజం నిన్న తిన్న మామిడిపండులోనో, మొన్న మారిన నీళ్లలోనో లేదు. ముందే మూసుకుపోయి ఉన్న రంధ్రాన్ని నెలసరి గానీ, నిద్రలేమి గానీ రెండు రోజుల్లో ఎర్రబరచగలవు, నిజమే. కానీ ఆ రంధ్రం అప్పటికప్పుడు మూసుకుపోదు. మీరు దోషిని వెతకాలంటే నిన్నటి రోజు కాదు, రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి చూడాలి.

ఈ లెక్కన మీ సంక్రాంతి సంగతి చూడండి. ఇంట్లో ఎన్నాళ్లున్నారు? సెలవు మహా అయితే వారం పది రోజులు. అంత తక్కువలో కొత్త మొటిమలు పుట్టడం ఆగదు. అప్పుడు తగ్గాయంటే రెండు అనుమానాలున్నాయి. పండక్కి చుట్టాలొస్తారని ఆ క్రీము రోజూ రాసి ఉండాలి, లేదా నెలసరి అయిపోయిన వారంలో ఇంటికి వెళ్లి ఉండాలి. రెండూ గుర్తు చేసుకోండి.

ఇక నీళ్లు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు చాలా పీజీలు, అపార్ట్‌మెంట్లు బోరు మీదో ట్యాంకర్ మీదో నడుస్తాయి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు ఇక్కడి జనం పడ్డ పాట్లు మీరూ చూసో వినో ఉంటారు. ఈ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు నురగ రాదు, వచ్చినా పూర్తిగా వదలదు. ముఖం మీద సన్నటి పొరలా మిగిలిపోతుంది. చర్మం పొడిబారి బిగుసుకుపోయి మండుతుంది. నీళ్ల పాత్ర ఇంతవరకే. ఈ మంట వల్ల ఉన్న మొటిమలు ఇంకా ఎర్రగా కనిపించవచ్చు, మొటిమల మందులు తట్టుకోవడం కష్టం కావచ్చు. కానీ రంధ్రాలు మూసేసి, దవడ మీద లోతైన గడ్డలు లేపే శక్తి ఉప్పునీళ్లకు లేదు. అదే ఉంటే మీ పీజీలో అందరికీ గడ్డం మీదే రావాలి కదా! ఆ మాటకొస్తే మన సీమలో బోరు నీళ్లేమైనా తియ్యటివా?

ఈ పొడిబారే బాధకు ఖర్చు తక్కువ మందు, మామూలు సబ్బు మానేయడం. సబ్బు క్షార గుణం ఉన్నది, చర్మం కాస్త ఆమ్ల గుణం ఉన్నది. సబ్బు లేని ఫేస్‌వాష్ ఒకటి తీసుకుని రోజుకు రెండుసార్లు కడుక్కోండి, అంతకు మించొద్దు. షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు నీళ్లలో సున్నాన్ని పెద్దగా తీయవు, ఆ డబ్బు దండగ.

ఇప్పుడు క్రీము. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఆ ట్యూబు తీసుకుని మడతలు విప్పండి. పెద్ద అక్షరాల పేరు వదిలేయండి. వెనకవైపు చీమతలకాయంత అక్షరాలుంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. ఎర్రటి నిలువు గీత, "షెడ్యూల్ హెచ్" అన్న హెచ్చరిక కూడా కనబడొచ్చు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తున్నారు, మనవాళ్లు ఒకరికొకరు పంచుకుంటున్నారు.

స్టెరాయిడ్ చేసే పని వాపును అణచడం. అందుకే రెండు మూడు రోజుల్లో అద్భుతం జరిగినట్టుంటుంది. కొనసాగిస్తే అదే కొత్త మొటిమలు లేపుతుంది. మానగానే అణిగినదంతా ఒక్కసారి పొంగుతుంది. పొంగింది చూసి భయపడి మళ్లీ రాస్తారు. రాస్తే తగ్గి, మానితే రెట్టింపవుతుంది అని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం స్టెరాయిడ్ క్రీముకు అచ్చమైన గుర్తు. పేరు చూడకుండా తీర్పు చెప్పను గానీ, పందెం కాయమంటే దీని మీదే కాస్తాను.

ఇంకో రకం ట్యూబులున్నాయి, రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొరలు వదిలించే ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపినవి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా డాక్టర్లు ఇలాంటి మిశ్రమాన్ని వైద్య పత్రికలో వెల్లడించారు. ఇది మంగు మచ్చలకు, కొద్ది వారాలు, డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా వాడాల్సిన మందు. మన దగ్గర అది తెల్లబడే క్రీమయి కూర్చుంది. పెళ్లి కుదిరిన ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన ట్యూబు తోక దాకా చుట్టచుట్టి, జారకుండా తల పిన్ను పెట్టి ఉంది. పక్కనే సీలు విప్పని కొత్తది. బుగ్గల మీద చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తున్నాయి, నూగు పెరిగింది. కిటికీ పక్కన కుర్చీలో ఎండ పడితే మండుతోందని కుర్చీ జరుపుకుంది. మొటిమలన్నీ ఒకే సైజులో, అచ్చు గుద్దినట్టున్నాయి. మామూలు మొటిమలు అలా ఉండవు, చిన్నా పెద్దా, పండినవీ పచ్చివీ కలిసి ఉంటాయి. ఆమె ముఖం దారికి రావడానికి నెలలు పట్టింది. ఆ మొదటి వారాల్లో ముఖం ఇంకా ఎర్రబడితే వాళ్లమ్మ నన్ను తిట్టినంత పని చేసింది.

కాబట్టి మీది స్టెరాయిడే అయి, ఏదో కొద్ది రోజులే రాసి ఉంటే ఇవాళే ఆపేయండి. నెలల తరబడి రాస్తుంటే మీ అంతట మీరు ఉన్నట్టుండి మానకుండా స్కిన్ డాక్టర్‌ని కలవండి. తగ్గించుకుంటూ, మధ్యలో పొంగేదాన్ని వేరే మందుతో అదుపు చేస్తూ మానిపిస్తారు.

నెలసరి సంగతి. పాతికేళ్ల చుట్టూ ఉన్న ఆడపిల్లలకు ముఖం కింది భాగంలో, లోతుగా, నొప్పిగా, నెలసరికి వారం ముందు ఎక్కువయ్యే మొటిమలు చాలా మామూలు. టీనేజీలో రాకుండా ఉద్యోగ వయసులో మొదలవడం కూడా వింత కాదు. వీళ్లలో చాలామందికి రక్తపరీక్షలన్నీ నార్మల్‌గానే ఉంటాయి, ఉన్న హార్మోనుకే వాళ్ల నూనె గ్రంథులు ఎక్కువ స్పందిస్తాయి, అంతే. అందుకే దవడ మీద మొటిమ రాగానే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య) అని భయపడొద్దు.

కానీ నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, గడ్డం కింద ముదురు వెంట్రుకలు వస్తున్నా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా పరీక్ష చేయించుకోవాలి. స్కాన్‌లో నీటి బుడగలు కనిపించాయని మాత్రమే ఆ ముద్ర వేయించుకోకండి. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు పెట్టుకున్న కొలత ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి తప్పడం, ఆండ్రోజెన్ ఎక్కువైన లక్షణాలు, స్కాన్‌లో ఆ రూపం. ఈ వయసులో ఒక్క స్కాన్ మాత్రమే అలా ఉన్న ఆరోగ్యవంతులు బోలెడంత మంది.

మీరు మీ అమ్మగారిని ఒకటి అడగకుండా వదిలేశారు, ఆవిడకు ఈ వయసులో మొటిమలుండేవా అని. నాన్నగారిని కూడా అడగండి. 2002లో బ్రిటన్‌లో కవల ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో మొటిమల తేడాల్లో 80 శాతం దాకా వారసత్వానిదేనని తేలింది. చర్మం తీరు అక్కడి నుంచే వస్తుంది, మిగతావన్నీ దాన్ని రెచ్చగొట్టేవి.

వేడి చేయడం గురించి. పెద్దవాళ్ల మాటను కొట్టిపారేయను, అలాగని గుడ్డు, చికెన్, మామిడిపండు మానేయమని కూడా చెప్పను. ఇప్పటిదాకా కాస్తో కూస్తో ఆధారం దొరికినవి రెండే. ఒకటి, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచే తిండి. 2007లో ఆస్ట్రేలియాలో యువకులకు 12 వారాలు అలాంటి తిండి తగ్గించి పెడితే మొటిమలు తగ్గాయి. చక్కెర పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది, దాని వెంట ఐజీఎఫ్-1 అనే మరో హార్మోను పెరిగి నూనె గ్రంథులను తరుముతుంది. రెండోది పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, వే ప్రోటీన్ (జిమ్‌కెళ్లేవాళ్లు తాగే, పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి). చాక్లెట్‌కీ మొటిమకీ సంబంధం లేదని 1969లో ఒక ప్రయోగం చేశారు, డాక్టర్లు దశాబ్దాల పాటు దాన్నే అప్పజెప్పారు. తీరా చూస్తే పోల్చడానికి ఇచ్చిన ఉత్తుత్తి చాక్లెట్‌లోనూ చక్కెర, కొవ్వు అంతే ఉన్నాయి. ఇక తేడా ఎక్కడి నుంచి కనిపిస్తుంది?

మీ పీజీ లెక్క నేను ఊహించగలను. పొద్దున బ్రెడ్డూ జామూ, ఆఫీసులో రెండు మూడు చక్కెర కాఫీలు, సాయంత్రం సందు చివరి అయ్యంగార్ బేకరీలో పఫ్, దిల్‌పసంద్, రాత్రి పదింటికి తెల్లన్నం. ఇంట్లో ఉన్నప్పుడు మీ తిండి ఇలా లేదు. బెంగళూరు వచ్చాక మారింది నీళ్లే అని మీకు తోచింది. నాకైతే నీళ్లు తప్ప మిగతావన్నీ కళ్ల ముందు కనిపిస్తున్నాయి. కాఫీలో చక్కెర తగ్గించండి, బేకరీ వారానికోసారి పెట్టుకోండి. పెరుగన్నం మానక్కర్లేదు. మూడు నెలలు చూసి తేడా లేకపోతే మీ తిండి మీదే, నేను అడ్డు చెప్పను. తిండితో ఒక్కదానితోనే మొటిమలు పూర్తిగా పోయినవాళ్లు తక్కువ.

అబ్బాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే: జిమ్‌లో చేరాక వీపు, భుజాల మీద ఒక్కసారిగా పెద్ద పెద్ద మొటిమలు వస్తే ముందు ఆ ప్రోటీన్ డబ్బా ఆపి చూడండి. ట్రైనర్ ఇంజెక్షన్లేమైనా ఇస్తుంటే డాక్టర్ దగ్గర దాచకండి.

నిద్ర, టెన్షన్ పనిచేస్తాయి. 2003లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను పరిశీలిస్తే పరీక్షల టైములో ఒత్తిడి పెరిగినవాళ్లకు మొటిమలూ పెరిగాయి. నైట్ షిఫ్ట్ మానేయమని ఎవరూ సలహా ఇవ్వలేరు, కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నా. హెల్మెట్ పట్టీ రుద్దుకునే చోట గడ్డం కింద వస్తుంటే పట్టీ ఉతకండి. తలకు నూనె పెట్టి రాత్రంతా ఉంచితే నుదుటి మీద చిన్న చిన్న గుల్లలు వస్తాయి. నూనె పెట్టుకోండి, రెండు గంటల్లో తలస్నానం చేసేయండి. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో, దురదతో వస్తే మాత్రం అవి మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చే గుల్లలు అలా ఉంటాయి. వాటికి మొటిమల యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతాయి. టీబీకిచ్చే ఐసోనియాజిడ్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటోయిన్, మానసిక జబ్బుకిచ్చే లిథియం, బీ12 ఇంజెక్షన్లు కూడా కొందరిలో మొటిమలు లేపుతాయి, వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. వాటిని సొంతంగా ఆపేయొద్దు.

నిమ్మరసం, టూత్‌పేస్ట్, బేకింగ్ సోడా ముఖానికి వద్దు. కాలుతుంది, మన చర్మం మీద కాలిన చోట నల్లమచ్చ పడుతుంది, అది మొటిమ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. సున్నిపిండి, శెనగపిండితో రుద్దడం కూడా ఆపండి. గిల్లడం గురించి చెప్పినా వినరు, అయినా చెప్తున్నా: నల్లమచ్చ మానుతుంది, గుంట పడితే మానదు.

అయితే ఏం వాడాలి? క్రీము సంగతి తేలి, చర్మం కుదుటపడ్డాక, మామూలుగా మొదలుపెట్టేది అడాపలీన్ 0.1 శాతం జెల్. మూసుకుపోయిన రంధ్రాల మీద నేరుగా పనిచేసేది ఇదే. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, శెనగగింజంత తీసుకుని ముఖమంతా పలచగా పూయాలి. మొటిమ మీద చుక్క పెట్టే మందు కాదిది, రాబోయే రెండు నెలల మొటిమలను ఆపే మందు. కళ్ల చుట్టూ, పెదాల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో వద్దు. మొదట వారానికి మూడు రాత్రులు, ఆపైన రోజూ. ముందో వెనకో మాయిశ్చరైజర్ తప్పదు. తొలి మూడు నాలుగు వారాలు పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే మందు పడలేదని ఆపేసి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. 12 వారాల లోపు ఏ మొటిమల మందు గురించీ తీర్పు చెప్పకండి.

చీమున్న మొటిమలకు దానితో పాటు ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చేరుస్తాం. ఇది తువ్వాళ్లను, దిండు గలీబులను వెలిసిపోయేలా చేస్తుంది, తెల్లవి వాడండి. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాయకూడదు, సూక్ష్మజీవి మందుకు లొంగడం మానేస్తుంది. పగలు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది పూయండి. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా, ఎండెక్కడ అంటారు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చలి వేసినంత మాత్రాన ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగ్గవు, మొటిమ మానిన చోట మచ్చను నల్లబరిచేది అవే.

నొప్పితో లోతుగా గడ్డలు కట్టినా, గుంటలు పడుతున్నా ఈ మూడు నెలల ఓపిక పట్టొద్దు, వెంటనే డాక్టర్‌ని కలవండి. మీరు రాసినదాన్ని బట్టి మీరు ఆ కోవలోకే వస్తారు. ప్రైవేటు ఫీజు భారమైతే విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. గత మూడు నాలుగు నెలల నెలసరి తేదీలు, వాడిన మందుల పేర్లు రాసుకుని వెళ్లండి. మేకప్ లేకుండా వెళ్లండి.

అక్కడ ఐసోట్రెటినోయిన్ మాత్రల ప్రస్తావన రావచ్చు. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మందు, మొండి మొటిమలకు దీన్ని మించింది ఇప్పటికీ లేదు. పెదాలు ఎండిపోతాయి, లివర్, కొవ్వు పరీక్షలు చేయిస్తారు. గర్భం వచ్చిందంటే బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది, కాబట్టి వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో నెలా గర్భం రాకూడదు. అడాపలీన్, మొటిమలకు మింగే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ కూడా గర్భిణులకు ఇవ్వం. పెళ్లయినా, పెళ్లి దగ్గర పడుతున్నా డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి. వాళ్లు రాసే చీటీ దాన్ని బట్టే మారుతుంది.